కుడి మూలన అక్క

ఫిబ్రవరి 6, గురువారం. వీక్లీ ఆఫ్.

పెట్టెలోంచి చప్పుడు వస్తోంది. టిక్ టిక్, కాసేపు ఆగి మళ్ళీ టిక్. గోడ గడియారమేమో అనుకున్నాను. మా గోడ గడియారం ఆగిపోయి ఎంత కాలమైందో నాకే గుర్తు లేదు. టీవీ కింద ఉన్న రికార్డర్ పెట్టెకి చెవి ఆనించి విన్నాను. అక్కడి నుంచే.

అమ్మకి వినపడదు. పుట్టుకతోనే వినపడదు. కాబట్టి ఆ పెట్టెకి ఒంట్లో బాగా లేదని ఈ ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. నేను చెప్పలేదు.

సాయంత్రం ఆరింటికి అమ్మ రోజూలాగే రిమోట్ తీసుకుని రికార్డింగ్స్‌లోకి వెళ్ళింది. అందులో ఉన్నవి అక్క చేసిన ఆఖరి వారం బులెటిన్లు. పెట్టె నిండితే పాతవాటిని అదే చెరిపేసుకుంటుంది. అక్క పోయాక అమ్మ మిగిలిన ప్రతిదాని మీదా కీప్ నొక్కి కాపాడుకుంది. అక్క వార్తలు చదివేది కాదు. చదివే ఆవిడ పక్కన, తెర కుడి మూలన చిన్న గుండ్రంలో నిలబడి, వినపడని వాళ్ళకి చేతులతో చెప్పేది.

అమ్మకి ఇష్టమైనది ఎలుగుబంటి బులెటిన్. వంతెన మరమ్మతు పూర్తయింది, సోమవారం తెరుస్తారు. తీరంలో ఈదురుగాలులు. ఉల్లిపాయల ధర పెరిగింది. జూ నుంచి పారిపోయిన ఎలుగుబంటి ఒక బేకరీలో గుర్రుపెట్టి నిద్రపోతూ దొరికింది. ఎలుగుబంటి దగ్గర అక్కకి నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. వార్తలావిడ మాత్రం రాయిలా కూర్చుంది.

బులెటిన్ అయిపోయాక, చేతులు దించే ముందు, అక్క తన చెవి తమ్మెని ఒకసారి లాక్కుంటుంది. చూసేవాళ్ళు దురద అనుకుంటారు. అది మా ఇంటి మాట. చిన్నప్పుడు వీధిలో ఆడుకుంటూ నేను ఎంతకీ రాకపోతే అక్క వచ్చి చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చేది. అప్పటినుంచి మా ముగ్గురికీ చెవి లాగడమంటే ఇంటికి అని అర్థం. స్టూడియోలోంచి అమ్మకి చెప్పేది, వచ్చేస్తున్నా అని. అమ్మ లేచి టీకి నీళ్ళు పెట్టేది. వంతెన మూసి ఉన్న రోజుల్లో బస్సు ఊరంతా తిరిగొచ్చేది, అక్క గుమ్మంలో చెప్పులు విప్పేసరికి టీ చేదెక్కేది. అలాగే తాగేది.

ఆ సోమవారం అక్క చూడలేదు. శనివారం జ్వరమని ఆసుపత్రికి వెళ్ళింది. అంతే. రెండేళ్ళు దాటింది. ఆ వంతెన మీద నేను రోజూ బస్సులో వెళ్తాను. మా ఇంట్లో మాత్రం దాన్ని ఇంకా వచ్చే సోమవారమే తెరుస్తారు.

ఈరోజూ తెరలో అక్క చెవి లాక్కుంది. అమ్మ లేచి వెళ్ళి నీళ్ళు పెట్టింది.

ఫిబ్రవరి 7

ప్లేఅవుట్ రూమ్‌లో కిటికీలు లేవు. బయట వాన పడుతోందో లేదో కూడా మేం మా ఛానెల్ చూసే తెలుసుకుంటాం. ప్రసారమయ్యే ప్రతిదీ మా చేతి మీదుగానే పోతుంది. పోయేటప్పుడు దాని నెత్తిన కనపడని గుర్తు ఒకటి పెట్టి పంపుతాం. కాగితాల్లో దాన్ని ఫ్లాగ్ అంటారు. మేం తాళం అంటాం. మూడు బటన్లు. ఫ్రీ అంటే ఎవరైనా ఎన్ని కాపీలైనా చేసుకోవచ్చు. నెవర్ అంటే అసలు రికార్డే అవదు. వన్స్ అంటే ఇంట్లో పెట్టె ఒక్కసారి రికార్డ్ చేసుకుంటుంది, అది ఆ పెట్టె దాటి ఇంకెక్కడికీ పోదు. పెట్టె పోతే దానితో సహా పోతుంది.

రూల్ ప్రకారం వార్తలు ఫ్రీ. కానీ వార్తలకి ముందు సీరియల్, తర్వాత సినిమా, రెండూ వన్స్. మధ్యలో అరగంట కోసం తాళం తీసి మళ్ళీ వేసే ఓపిక ఎవరికుంది? పొరపాటున సినిమాకి వేయడం మరిచిపోతే నిర్మాతల లాయర్ ఫోన్ చేస్తాడు. అందుకని మా ఛీఫ్ పద్ధతి ఒకటే. సాయంత్రం వేసిన తాళం సినిమా అయ్యేదాకా తీసేది లేదు. తాళం ఎక్కువైందని ఏ లాయరూ ఫోన్ చెయ్యడమ్మా, తక్కువైతేనే చేస్తాడు అంటాడు. రూమ్‌లో అందరం అలాగే చేస్తాం. అక్క ఉన్నన్నాళ్ళూ తాళం కిందే మాట్లాడింది.

ఛీఫ్‌ని మా ఇంట్లో బెల్టు అంటాం. అమ్మ మనుషులకి పేర్లు చేతులతోనే పెడుతుంది. అక్క పోయినప్పుడు ఆయన వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, ఉన్నంతసేపూ బెల్టు పైకి లాక్కుంటూ నిలబడ్డాడు. అమ్మ ఆ ఏడుపులోనే ఆయనకి పేరు పెట్టేసింది.

ఈరోజు బెల్టు పిలిచి, ఇరవయ్యో తారీకు ప్రసారాల కమిషన్ విచారణకి నువ్వు రావాలి అన్నాడు. ఇప్పుడు కొన్ని కంపెనీల పెట్టెలే తాళాన్ని లెక్కచేస్తాయి. ఇకమీదట అమ్మే ప్రతి పెట్టే లెక్కచేసి తీరాలని చట్టం తెమ్మని ఛానెళ్ళూ సినిమావాళ్ళూ అడుగుతున్నారు. మాట్లాడేది మా లాయరే, టెక్నికల్‌గా ఏదైనా అడిగితే చెప్పడానికి ఒక మనిషి కావాలి, నువ్వు తడబడవు అన్నాడు. పొగిడాడో ఇరికించాడో తెలియలేదు.

మా ఇంటి పెట్టె లెక్కచేసే రకం. స్టాఫ్ డిస్కౌంట్‌లో వస్తే అక్కా నేనూ మురిసిపోతూ మోసుకొచ్చాం.

ఫిబ్రవరి 9

డ్యూటీకి ముందు ఆర్కైవ్‌కి వెళ్ళాను. అక్కడ పనిచేసే ఆయన్ని అందరూ బీరువా బాబాయ్ అంటారు. ఎలుగుబంటి బులెటిన్ కావాలి బాబాయ్ అన్నాను. ఆయన నా మొహం చూశాడు. అమ్మాయ్, ప్లేఅవుట్‌లో ఉండి నువ్వు అడగాల్సిన మాటేనా ఇది అన్నాడు.

నిజమే. ఆర్కైవ్‌లో దాచేది క్లీన్ కాపీ. రేపు మళ్ళీ వాడుకోవడానికి పనికొస్తుందని, కింద అక్షరాలూ మూలన గుండ్రమూ లేకుండా దాస్తారు. అక్క గుండ్రాన్ని కలిపేది ఆఖర్న, గాల్లోకి వదిలేటప్పుడు. గాల్లోకి వెళ్ళినదాన్ని మూడు నెలలు మాత్రం ఉంచుతారు, ఎవరైనా కేసు వేస్తారేమోనని. తర్వాత చెరిపేస్తారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ వెళ్ళాను.

బాబాయ్ అయినా తీసి చూపించాడు. వార్తలావిడ కొంచెం ఎడమకి జరిగి కూర్చుని ఉంది. కుడివైపు ఖాళీ. వట్టి నీలం రంగు. వంతెన వార్త అయింది, గాలుల వార్త అయింది, ఎలుగుబంటి నిద్రపోయింది, ఆ నీలం అలాగే ఉంది. మీ అక్క కోసమే అలా జరిగి కూర్చునేది ఆవిడ అన్నాడు బాబాయ్. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నేను లేచి వచ్చేశాను.

డ్యూటీలో సాయంత్రం తాళం వేశాను. చెయ్యి దానంతటదే వేసింది.

ఫిబ్రవరి 10

ఫోన్‌లో అక్క కోసం వెతికాను. అమ్మ ఉంది, నేను ఉన్నాను, పక్కింటి పిల్లి ఉంది. ఫోన్ పట్టుకున్నది ఎప్పుడూ అక్కే. ఫోన్ పట్టుకున్న చెయ్యి మాట్లాడలేదు కదా.

ఫిబ్రవరి 11

ఒక మాట రాసుకోవాలి. నాకు అమ్మ భాష సరిగ్గా రాదు.

అక్క పెద్దది. నా కంటే ముందు అమ్మతో చాలా ఏళ్ళు ఉంది. నేను పుట్టేసరికి ఇంట్లో అనువాదకురాలు రెడీగా ఉంది. అమ్మ చేతులు ఊపేది, అక్క నాకు నోటితో చెప్పేది. నేను నోటితో వాగేదాన్ని, అక్క చేతులతో అమ్మకి చెప్పేది. నాన్న పోయాక ముగ్గురమే అయినా అదే వరస. తయారుగా ఉన్నదాన్ని ఎవరు నేర్చుకుంటారు? ఇప్పుడు అమ్మా నేనూ మాట్లాడుకునేవి వంటింటి మాటలు. తిన్నావా, పడుకో, తలుపు వేశావా, మందులు అయిపోయాయి. అమ్మకి అక్క గుర్తొచ్చినప్పుడు ఏదో చెప్పడం మొదలుపెడుతుంది, వేళ్ళు గబగబా కదులుతాయి, నాకు సగం అందదు. అందినట్టు తల ఊపుతాను. అందలేదని ఆవిడకి తెలుసు. చేతులు ఒళ్ళో పెట్టేసుకుంటుంది.

నాకు అక్క కావాలి. అమ్మతో మాట్లాడటానికి అక్క కావాలి. అక్కతో మాట్లాడటానికి కూడా.

ఫిబ్రవరి 13, ఆఫ్

రిపేర్ చేసే ఆయన్ని పిలిచాను. గుబురు మీసాలు. అమ్మ తలుపు తీస్తూనే మూతి మీద వేలు అడ్డంగా రాసి పేరు పెట్టేసింది.

మీసాలాయన పెట్టె విప్పనేలేదు. చెవి పెట్టి విని లేచాడు. డిస్క్ పోతోందమ్మా, తిరుగుతున్నంతకాలం తిరుగుతుంది, చచ్చినా స్విచ్ మాత్రం ఆపకండి, ఆపితే మళ్ళీ లేవదు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు నేల మీద కూర్చున్నట్టే అన్నాడు. పోనీ అందులోవి ఇంకో పెట్టెలోకి ఎక్కించమన్నాను. కుదరదట. డిస్క్ ఊడదీసి ఇంకో పెట్టెలో పెట్టినా తెరుచుకోదట, తాళంచెవి ఈ పెట్టె పొట్టలోనే ఉందట. నాకే పాఠం చెప్తున్నాడు పాపం. నేను ఎక్కడ పనిచేస్తానో ఆయనకి తెలియదు.

తర్వాత గొంతు తగ్గించాడు. అమ్మ ముందు గొంతు తగ్గించడం దండగని ఎవరూ గమనించరు. అగ్గిపెట్టెంత సామాను ఒకటి ఉంటుందట. పెట్టెకీ టీవీకీ మధ్య తగిలిస్తే తాళం ఊడిపోతుంది, కావలసినంత కాపీ చేసుకోవచ్చు. పైకి అమ్మకూడదు కానీ తెచ్చిస్తాను అన్నాడు.

తెమ్మనే అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. అంతలో ఇరవయ్యో తారీకు గుర్తొచ్చింది. ఛానెల్ బ్యాడ్జి తగిలించుకుని కమిషన్ ముందు నిలబడాలి, ప్రమాణం చేయించి అడుగుతారు. తాళం ఊడగొట్టే సామాను మీ ఇంట్లో ఉందా అని ఎవరూ అడగరు. అడగకపోయినా నా మొహం చెప్పేస్తుంది. అబద్ధం ఆడితే నా చెవులు ఎర్రబడతాయని అక్క అనేది. విచారణ అయ్యాక, ఇరవై ఒకటిన తెండి అన్నాను. వారమే కదా, ఇన్నాళ్ళు తిరిగిన డిస్క్ వారం తిరగదా అన్నాను. సరే మీ ఇష్టం అన్నాడు.

ఆయన వెళ్ళాక అమ్మ ఏమిటంది. దుమ్ము అన్నాను. నాకు వచ్చిన సైగల్లో అది సులువు. అమ్మ పెట్టె మీద అరచెయ్యి పెట్టి చూసింది. వేడిగా ఉంది, వణుకుతోంది అంది. తడి గుడ్డతో పైన దుమ్ము తుడిచింది.

ఫిబ్రవరి 14

పొద్దున్నే టీవీ ఎదురుగా పుస్తకాల దొంతర పేర్చి, మీద ఫోన్ నిలబెట్టి ఎలుగుబంటి బులెటిన్ షూట్ చేశాను. నల్ల చారలు పై నుంచి కిందికి పాకుతున్నాయి. వేళ్ళు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. నాకు బాగానే ఉందనిపించింది. మొహం తెలుస్తోంది, నవ్వు తెలుస్తోంది.

అమ్మకి చూపించాను. కాసేపు చూసి ఫోన్ బోర్లా పెట్టేసింది. దీని చేతులకి నత్తి, ఇది మీ అక్క కాదు అంది.

స్టేషన్‌లో మంచి కెమెరాలున్నాయి. ఏమని అడగను? మనం తాళం వేసి పంపినదాన్ని షూట్ చేసుకుంటాను, మన కెమెరా ఇవ్వండి అనా?

ఫిబ్రవరి 17

లాయర్ మమ్మల్ని కూర్చోబెట్టి రిహార్సల్ చేయించాడు. సన్నగా, నీట్‌గా ఉంటాడు, కాఫీ కప్పు పెట్టిన చోట గుండ్రం పడితే తుడుస్తాడు. చెడ్డవాడు కాదు. ఒక సినిమాకి లైట్లు మోసేవాడి దగ్గర్నుంచి ఎంతమంది బతుకుతారో చెప్పాడు. సాయంత్రం మనం వేసిన సినిమా తెల్లారేసరికి వీధిలో అమ్ముడుపోతుంటే వాళ్ళ నోట్లో మట్టి కొట్టినట్టు కాదా అన్నాడు. అవుననే అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. దొంగలు లేరని నేను అనడం లేదు.

కానీ అక్కని ఎవరు దొంగిలిస్తారు? ఎలుగుబంటి బేకరీలో పడుకుందని చేతులతో చెప్పిన అరనిమిషాన్ని కొనేవాడు ఎవడు?

వార్తల సంగతి అడిగితే ఫ్రీ అని చెప్పండి, రూల్ అదే అన్నాడు లాయర్. బెల్టు నా వైపు చూడలేదు.

ఫిబ్రవరి 20, పొద్దున

ఆఫ్ కూడా పోయింది. అమ్మ ఎక్కడికంది. టీవీకి తాళం వేయాలా వద్దా అని పెద్దవాళ్ళు కొట్టుకుంటున్నారు, చూడటానికి వెళ్తున్నా అన్నాను. అమ్మ పడీపడీ నవ్వింది. అందులో వచ్చే చెత్తకి తాళమా అంది. ఆ మాట నాకు పూర్తిగా అందింది. బస్సు దిగేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

ఫిబ్రవరి 20, సాయంత్రం

రాయాలి. రాసేస్తే ఒక పని అయిపోతుంది.

పెద్ద హాలు, ఏసీ ఎక్కువ. మధ్యలో కమిషన్ అధ్యక్షురాలు, తెల్లజుట్టు, చేతికర్ర. మా లాయర్ బాగా మాట్లాడాడు, లైట్లు మోసేవాళ్ళ గురించి చెప్పినప్పుడు కొందరు తలలూపారు. తర్వాత వినియోగదారుల సంఘం తరఫున ఒకావిడ లేచింది. అసలు దొంగ మీ పెట్టెల జోలికే రాడు, వాడి దారులు వాడికున్నాయి అంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మీ తాళం మాత్రం దొంగని వదిలేసి ఇంటివాళ్ళని పట్టుకుంటోంది అంది. జనం నవ్వారు. పిల్లవాడు బళ్ళో పాడిన పాట లోకల్ ఛానెల్‌లో వస్తే, తల్లి దాన్ని దాచుకోవడానికి ఎవరి పర్మిషన్ కావాలి అని అడిగింది. అలాంటివాటికి తాళం ఉండదండీ, వార్తలూ స్థానిక కార్యక్రమాలూ ఫ్రీ అన్నాడు లాయర్.

అధ్యక్షురాలు నా వైపు తిరిగింది. ఆ బటన్ నొక్కేది నువ్వే కదమ్మా, నువ్వు చెప్పు అంది.

పక్కన బెల్టు చెయ్యి బెల్టు మీదకి వెళ్ళడం చూశాను. ఫ్రీ అనేస్తే అయిపోయేది. రూల్ అదే కాబట్టి అబద్ధం కూడా కాదు. చెవులు వేడెక్కాయి. రూల్ పుస్తకంలో ఫ్రీ అండీ, మా రూమ్‌లో వన్స్ అన్నాను. ఎందుకలా అంది. తాళం ఎక్కువైతే ఎవరూ ఫోన్ చెయ్యరు, తక్కువైతేనే చేస్తారు అన్నాను. ఛీఫ్ మాట అని చెప్పలేదు. నా మాటలాగే చెప్పాను.

దానివల్ల ఎవరికైనా నష్టం జరిగిందా అంది. మా అమ్మకి అన్నాను. ఇక ఆగలేదు. అక్క గురించి, గుండ్రం గురించి, ఆర్కైవ్‌లో నీలం గురించి, ఆ పెట్టెలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా మా అక్క చేతులు లేవని చెప్పాను. ఎవరో నీళ్ళు ఇచ్చారు.

మా లాయర్ లేచి, చాలా మర్యాదగా, ఒకే ప్రశ్న అడిగాడు. ఆ రికార్డింగులు మీ అమ్మగారు ఇప్పటికీ చూసుకుంటున్నారా? చూసుకుంటున్నారు అన్నాను. నిన్న కూడా? నిన్న కూడా. అయితే నష్టమేమీ జరగలేదు కదండీ అని అధ్యక్షురాలితో అని కూర్చున్నాడు.

నిర్ణయం వచ్చే నెలకి వాయిదా.

తిరిగి వచ్చేటప్పుడు బెల్టు మొహం అటు తిప్పుకునే ఉన్నాడు. నాకేం భయం వేయలేదు. మీసాలాయనకి ఫోన్ చేసి, రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే తెచ్చేయండి అన్నాను. వంతెన మీద గాలి బాగుంది. అక్కకి చెప్పుకోవాలనిపించింది, నీ చెల్లి ఇవాళ పెద్దవాళ్ళ ముందు నోరు విప్పిందే అని.

ఇంటికి వచ్చేసరికి ఆరు దాటింది. అమ్మ టీవీ ముందు నేల మీద కూర్చుని ఉంది. రిమోట్ ఒళ్ళో ఉంది. పెట్టె మీద దీపం లేదు, చప్పుడు లేదు. అమ్మ నన్ను చూడగానే ఫిర్యాదు చేసింది. పొద్దున నువ్వు వెళ్ళాక చెయ్యి పెట్టి చూస్తే జ్వరం వచ్చినట్టు కాలిపోతోంది, ఇంకా ఎక్కువ వణుకుతోంది, పాపం అలిసిపోయిందని ఆపి పడుకోబెట్టాను, ఇప్పుడు లేవనంటోంది, నువ్వు లేపు.

నేను లాయర్‌తో చూసుకుంటున్నారు అని చెప్పిన సమయానికి అది ఆగిపోయే ఉంది.

మీసాలాయన వచ్చాడు. స్విచ్ వేశాడు, తీశాడు, చెవి పెట్టాడు. అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. జేబులోంచి తీసిన అగ్గిపెట్టె సామాను మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

పోయింది అనే సైగ నాకు బాగా వచ్చు. రెండేళ్ళ క్రితం ఆసుపత్రి వరండాలో అమ్మకి ఆ మాట చెప్పింది నేనే. ఇవాళ మళ్ళీ చెప్పాను. ఎందుకంది. ముసలిదైపోయింది అన్నాను. ఆపకూడదన్న సంగతి చెప్పలేదు. చెప్పను. ఈ జన్మకి చెప్పను.

ఫిబ్రవరి 22

వార్తల ముందు తాళం తీశాను. అయ్యాక మళ్ళీ వేశాను. ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

ఫిబ్రవరి 25

లీగల్ నుంచి ఆర్డర్ వచ్చింది. ఇకనుంచి వార్తల సమయంలో ఫ్రీ, తప్పనిసరిగా. విచారణలో పరువు పోయిందని కాబోలు. ఇప్పుడు కుడి మూలన కొత్తతను నిలబడతాడు. చేతులు బాగుంటాయి, అమ్మే ఒప్పుకుంది, కానీ పక్కింటివాళ్ళ ఇంట్లో కూర్చున్నట్టుంటుంది అంది. అతనికీ ఎక్కడో ఒక ఇల్లుంటుంది. దాచుకునేవాళ్ళు దాచుకుంటారు.

బెల్టు నన్ను పిలిచి ఒకటో తారీకు నుంచి నువ్వు మార్నింగ్ షిఫ్ట్ అన్నాడు. పనిష్మెంటా అని మొహం మీదే అడిగాను. అవతల పడెయ్యమన్నారు పైవాళ్ళు, ఎటు పడేస్తే ఏంటి, సాయంత్రాలు ఇంట్లో ఉండు అన్నాడు. బెల్టు పైకి లాక్కున్నాడు. తిట్టుకోవాలో దండం పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

మార్చి 1

సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉన్నాను. ఆఫ్ కాని రోజున ఈ వేళకి ఇంట్లో ఉండి ఎన్నేళ్ళయిందో.

అమ్మ నల్లటి టీవీ ముందు కూర్చుంది. వెళ్ళి ఏదైనా ఛానెల్ పెట్టబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత చేతులు ఒళ్ళోంచి లేచాయి.

వంతెన. మరమ్మతు. పూర్తి. సోమవారం.

మొదట నాకు అర్థం కాలేదు. గాలులు మొదలయ్యేసరికి అర్థమైంది. అమ్మ బులెటిన్ చెప్తోంది. రోజూ చూసీ చూసీ ఆవిడకి అక్షరం పొల్లు పోకుండా వచ్చు. వంతెన దగ్గర అక్క మణికట్టు ఒకరకంగా విరుస్తుంది, అమ్మ అలాగే విరిచింది. అమ్మ సొంత వంతెన అలా ఉండదు. ఉల్లిపాయ దగ్గర అక్క ముక్కు చిట్లిస్తుంది, చిట్లించింది. ఎలుగుబంటి దగ్గర పెదవి కొరుక్కుంది. నలభై ఏళ్ళు వెనక్కి పోయిన మొహం. నాకు చూడటం చేతకాలేదు, అయినా చూశాను.

ఎలుగుబంటి దగ్గర ఆగిపోయింది. చేతులు దించేసింది. చెవి దాకా వెళ్ళలేదు. టీ పెట్టలేదు.

ఫోన్ నా పక్కనే ఉంది. షూట్ చేయాలన్న ఆలోచనే రాలేదు.

మార్చి 3

నాకు నేర్పు అన్నాను. అమ్మ అనుమానంగా చూసింది. నేర్పు అన్నాను మళ్ళీ.

మార్చి 6

నా ఎలుగుబంటి గేదెలా ఉందట. నా గాలి విసనకర్రలా ఉందట. ఉల్లిపాయ అంటే ముక్కుతో చెప్పాలి, వేళ్ళతో కాదు అని ముక్కు పట్టుకుని లాగింది. అక్క నీకెన్నిసార్లు చెప్పినా వినేదానివి కాదు అని తిట్టింది. ఆ తిట్టు కూడా మొత్తం అందింది. అమ్మ ఇంత గట్టి టీచరని నాకు తెలియదు. ఒక్క వంతెనకే గంట పట్టింది. మణికట్టు నొప్పి. నిన్న ప్లేఅవుట్‌లో ఎవరూ చూడకుండా బల్ల కింద వంతెన కట్టుకుంటూ కూర్చున్నాను. బీరువా బాబాయ్ చూశాడు. టీ తెచ్చి పెట్టాడు.

మధ్యలో అమ్మ ఏదేదో చెప్తుంది. అక్క మొదటిసారి గుండ్రంలో కనపడిన రోజు ఎంత భయపడిందో, ఇంటికి వచ్చి ఎంత ఏడ్చిందో. నేను అప్పుడు ఇదే ఇంట్లో ఉన్నాను. నాకు తెలియదు. సగం కంటే ఎక్కువే అందుతోంది. అందనప్పుడు మళ్ళీ చెప్పు అంటున్నాను. చెప్తోంది.

మార్చి 10

ఎంత చేసినా ఎలుగుబంటి దగ్గరే ఆపుతుంది. ఆ తర్వాతది నేర్పదు. నేనూ అడగలేదు.

మార్చి 12

పోయిన అక్క ఒక్క వారం బులెటిన్లుగా మా ఇంట్లో పెట్టెలో రెండేళ్ళు ఉంది. ఇప్పుడు కొంచెం అమ్మ మణికట్టులో, చాలా తక్కువగా నా మణికట్టులో ఉంది. ఇది చాలదు. నాకు మొత్తం కావాలి. తలుపు దగ్గర చెప్పులు విప్పే చప్పుడుతో సహా కావాలి.

మార్చి 15

ఆరింటికి టీవీకి కుడి పక్కన నిలబడ్డాను. అమ్మ కుర్చీలో కూర్చుంది.

వంతెన. గాలులు. ఉల్లిపాయలు. ఎలుగుబంటి. అమ్మ ఎక్కడా ఆపి దిద్దలేదు.

చేతులు దించే ముందు చెవి తమ్మె లాక్కున్నాను.

అమ్మ చాలాసేపు నన్నే చూసింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఊనుకుని లేచింది. వంటింట్లో గిన్నెలోకి నీళ్ళు పడిన చప్పుడు వినపడింది.